పథ్యం చెడిందన్నారు

"మందు మంచిదేనమ్మా. పథ్యం చెడింది."

ఈ మాట వినకుండా ఈ వయసుకి వచ్చిన తెలుగింటి ఆడది ఉంటుందనుకోను. పుట్టింట్లో కాకపోతే అత్తింట్లో, మన విషయంలో కాకపోతే పక్కింటివాళ్ళ విషయంలో, ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. నేను మా కామవరపుకోటలో విన్నాను, పదేళ్ళ వయసులో. అప్పటినుంచీ ఆ మాటతో నాకొక తగువుంది. దాన్ని తీర్చే మనిషి ఇన్నాళ్ళకి దొరికింది. అదీ మా ఇంట్లోనే, నా చేతుల్లో పెరిగిన పిల్ల. ఆ సంగతికి ముందు వైద్యుడి సంగతి చెప్పాలి.

మా మెట్ట ఊళ్ళవైపు పచ్చకామెర్లకి పసరు పోసే ఆయన ఒకరుండేవారు. పేరూ ఊరూ ఎందుకులెండి. చింతలపూడి నుంచీ జంగారెడ్డిగూడెం నుంచీ కూడా జనం తెల్లవారకముందే వచ్చి ఆయన అరుగు ముందు కూర్చునేవారు. పరగడుపున రావాలి. చిన్న గ్లాసుడు ఆకుపసరు, ఏ ఆకో చెప్పేవారు కాదు, ఒక్క గుక్కలో తాగెయ్యాలి. డబ్బు చేత్తో పుచ్చుకునేవారు కాదు, అరుగుమీద పెట్టి వెళ్ళాలి. ఆ తర్వాత పథ్యం. ఇరవై ఒక్క రోజులు ఉప్పు, పులుపు, కారం, నూనె ఏదీ నాలిక్కి తగలకూడదు. చప్పిడి మజ్జిగన్నం, అంతే.

తగ్గినవాళ్ళు కొబ్బరికాయా అరటిపళ్ళూ పట్టుకుని మళ్ళీ వచ్చేవారు. తగ్గనివాళ్ళు రారు కదా. వాళ్ళ తాలూకు మనిషెవరైనా వచ్చి నిలబడితే ఆయన తలెత్తకుండా ఒకటే ప్రశ్న వేసేవారు. "పథ్యం సరిగ్గా చేశారా?" ఇరవై ఒక్క రోజులు చప్పిడి కూడు వండిన ఇంట్లో ఏదో ఒక పూట ఏదో ఒకటి జరగకుండా ఉంటుందా? పిల్లాడు పక్కింట్లో జంతిక తిని ఉంటాడు. వేలికంటిన పచ్చడి నాకి ఉంటాడు. ఆ వచ్చిన మనిషి తల దించుకునేది. అంతటితో విచారణ అయిపోయినట్టే. మందు మీద మచ్చ పడలేదు.

ఆయన మోసగాడని నేననడం లేదు. నమ్మే చేసేవారు. పైగా ఆయన లెక్కలో పైకి తప్పు కనిపించదు. పథ్యం చేసినవాళ్ళు బతికారు, తప్పినవాళ్ళలో కొందరు పోయారు. అది నిజమే అయ్యుండవచ్చు కూడా. నా తగువంతా అక్కడే. ఒక మాట నిజమై ఉండి కూడా అబద్ధం చెప్పగలదా?

1987లో మా తమ్ముడు పోయాడు. వాడికి ఎనిమిదేళ్ళు. కామెర్లు వచ్చాయి, పసరు తాగించారు, పథ్యం పెట్టారు. మధ్యలో ఒక పూట అమ్మ వాడికి ఆవకాయ కలిపిన ముద్ద ఒకటి పెట్టింది. అది ఆవిడే వైద్యుడితో చెప్పింది, దాచలేదు. "పథ్యం చెడింది తల్లీ" అన్నారాయన. కటువుగా కాదు, జాలిగానే అన్నారు. ఆ జాలే ఆవిడని ఇన్నేళ్ళూ కాల్చింది. మా అమ్మ ఇప్పటికీ ప్రతి వేసవిలోనూ ఇంటిల్లిపాదికీ సరిపడా జాడీలకెత్తుతుంది. రుచి చూడాల్సి వస్తే మమ్మల్ని పిలుస్తుంది. తను మాత్రం ఆ రోజునుంచీ ఆవకాయ నోట పెట్టలేదు.

ఇహ మా పిల్ల సంగతి. మా చెల్లెలి కూతురు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. నేను లెక్కలకి భయపడి బి.ఎ.లో చేరిన మనిషిని. నవలలు రాసుకుంటాను, అందులో ఎవరు బతకాలో ఎవరు పోవాలో నేనే చెబుతాను, లెక్క అడిగేవారుండరు. సంక్రాంతికి ఊరొచ్చిన పిల్ల అరుగుమీద కూర్చుని కాగితాలు నింపుతుంటే, ఏమిటే అది అని అడిగాను.

"మందు పరీక్ష పెడతారు కదా పెద్దమ్మా, అందులో మందు ఇస్తే వేసుకోనివాళ్ళుంటారు. వాళ్ళని లెక్కలో ఏం చెయ్యాలీ అని."

కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి జబ్బుమనుషుల్ని చీటీలు తీసి రెండు జట్లు చేస్తారట. ఒక జట్టుకి మందు, రెండోదానికి పాత మందో, ఉత్తుత్తి మాత్రో. చీటీలెందుకూ, డాక్టరుగారే పంచవచ్చు కదా అంటే, ఆయన మనిషే కదా, ఏ తేరుకునేలా కనిపించేవాళ్ళకో కొత్త మందు ఇస్తాడు. చీటీకి ముఖం తెలియదు. అందుచేత రెండు జట్లలోనూ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, గట్టివాళ్ళూ నీరసులూ, చెప్పినమాట వినేవాళ్ళూ విననివాళ్ళూ ఇంచుమించు సమానంగా పడతారు. తర్వాత కనిపించే తేడా మందుదే అని చెప్పుకోవచ్చు.

బాగానే ఉంది. కాని మందు చేతికిచ్చినంత మాత్రాన నోట్లోకి వెళుతుందా? కడుపుతో ఉన్నప్పుడు రక్తం పట్టడానికిచ్చిన ఐరన్ మాత్రలు ఎన్ని మింగామో, ఎన్ని పోపులపెట్టె వెనక్కి చేరాయో మనకి తెలియదూ! మా మామగారు బి.పి. మాత్ర నాలుక కింద దాచి తులసికోట దగ్గర ఉమ్మేసేవారు. అయిదేళ్ళకి గాని మాకు తెలియలేదు. తులసి మాత్రం ఏపుగా పెరిగింది.

అంచేత నేను క్షణం ఆలోచించకుండా తీర్పు చెప్పేశాను. "వేసుకోనివాళ్ళని తీసెయ్యి. వంట ఎలా ఉందో తిన్నవాళ్ళని కదా అడగాలి, విస్తరి ముందునుంచి లేచిపోయినవాళ్ళని కాదు."

పిల్ల నవ్వింది. "సరిగ్గా మీ పసరు వైద్యుడి లెక్క చెప్పావు పెద్దమ్మా."

నాకు చురుక్కుమంది. అప్పుడు చూపించింది ఒక కాగితం.

అమెరికాలో ఒకసారి గుండెపోటు వచ్చి బయటపడ్డ మగవాళ్ళకి క్లోఫైబ్రేట్ అనే మందు ఇచ్చి చూశారు. ఆ లెక్కలు 1980లో అచ్చయ్యాయి. ఇచ్చిన మాత్రల్లో నూటికి 80 పాళ్ళకు పైగా బుద్ధిగా వేసుకున్నవాళ్ళలో అయిదేళ్ళలో పోయినవారు నూటికి 15 మంది. సరిగ్గా వేసుకోనివాళ్ళలో నూటికి దాదాపు 25 మంది. ఇంకేం, పథ్యం చేసినవాళ్ళు బతికారు, మందు దివ్యమైంది అందామా? ఆగండి. రెండో జట్టుకి ఇచ్చింది ఉత్తుత్తి మాత్ర. అందులో ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని బుద్ధిగా వేసుకున్నవాళ్ళలోనూ పోయింది నూటికి 15 మందే. దాన్ని ఎగ్గొట్టినవాళ్ళలో పోయింది 28 మంది! జట్లని మొత్తంగా పక్కపక్కన పెడితే మందు తిన్నవైపు నూటికి 20, ఉత్తుత్తివైపు 21. మందుకి చెప్పుకోదగ్గ ఫలితమే లేదన్నమాట.

నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. ఏమీ లేని మాత్రని ఎగ్గొడితే మనిషెందుకు పోతాడు?

ఎగ్గొట్టినందుకు పోలేదు. ఆ ఎగ్గొట్టిన మనిషి వేరే మనిషి. అప్పటికే ఒంట్లో బాగాలేక మింగలేని మనిషి కావచ్చు. ఇంట్లో అందించే దిక్కు లేనివాడు కావచ్చు. ఆశ వదులుకున్నవాడు కావచ్చు. వయసూ, బరువూ, నాడీ వగైరా నలభై సంగతులు సరిచూసి లెక్క సవరించినా ఆ తేడా చాలావరకు అలాగే మిగిలిందట. నలభై ప్రశ్నల వలలోకి కూడా పడనిది మనిషిలో ఏదో ఉంది. (అయిదేళ్ళపాటు ఆ బుద్ధిమంతులకి వేళకి మాత్రా మంచినీళ్ళూ ఎవరందించారో, ఆ నలభైలో ఆ ప్రశ్న ఉందో లేదో. ఉండదనే నా అనుమానం.)

అందుకని వాళ్ళు పెట్టుకున్న నియమం ఏమిటంటే, చీటీ ఎవర్ని ఏ జట్టులో వేసిందో వాళ్ళు చివరిదాకా ఆ జట్టు మనుషులే. మందు మింగినా, పారబోసినా, మధ్యలో మానేసినా సరే. విస్తరి ముందునుంచి లేచిపోయినవాడూ మన పంక్తిలోవాడే. వాణ్ణి లెక్కలోంచి లేపేసిన మరుక్షణం చీటీలు తీసిన పుణ్యం పోతుంది. మిగిలేది బుద్ధిమంతుల జట్టూ, కలగాపులగం జట్టూ. ఆ రెండింటికీ పోటీ ఏమిటి?

ఇది మందులకే కాదు. మన హైదరాబాదులోనే ఇంకోరకం పరీక్ష జరిగింది. గుంటూరులో మొదలైన స్పందన అనే సంస్థ 2005 తర్వాత హైదరాబాదు పేట బస్తీల్లో ఆడవాళ్ళకి చిన్న అప్పులివ్వడానికి దిగింది. అరుగురు మొదలు పదిమంది దాకా ఒక జట్టు, ఒకరికొకరు పూచీ, మొదటి అప్పు పదివేలు, యాభై వారాల్లో తీర్చాలి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వాళ్ళతో మరిద్దరు, 104 బస్తీలు తీసుకుని చీటీలేసి 52 బస్తీల్లో ముందుగా శాఖలు తెరిపించారు. తక్కిన 52 ఆగాయి. అప్పు దొరికితే పేదింటి ఆడదాని బతుకు మారుతుందని ఆ రోజుల్లో లోకమంతా కోడై కూస్తోంది. అది నిజమేనా అని చూడటం వాళ్ళ ఉద్దేశం.

ఏడాదిన్నర లోపల వెళ్ళి చూస్తే, శాఖ తెరిచిన బస్తీల్లో ఇలాంటి సంస్థల అప్పు ఉన్న ఇళ్ళు నూటికి 27 కూడా లేవు. తెరవని బస్తీల్లో వేరే సంస్థల దగ్గర తీసుకున్న ఇళ్ళు నూటికి 18. అంటే గుమ్మం ముందుకి అప్పు తెచ్చిపెడితే కొత్తగా కదిలిన ఇళ్ళు నూటికి ఎనిమిది! పెద్దపెద్దవాళ్ళు ఆశ్చర్యపోయారేమో గాని మా పనిమనిషి వింటే ఆశ్చర్యపోదు. అప్పంటే తీర్చాలని దానికి తెలుసు.

ఇప్పుడు అప్పు తీసుకున్నావిడనీ తీసుకోనావిడనీ పక్కపక్కన నిలబెట్టి చూశామనుకోండి. తీసుకున్నావిడ దగ్గర కుట్టుమిషను కనిపిస్తుంది. ఆహా, అప్పు మహిమ అంటాం. కాని ఆవిడ అప్పు లేకపోయినా పుస్తెలు తాకట్టుపెట్టయినా మిషను కొనే రకమేమో? తీసుకోనావిడ మొగుడు తాగుబోతేమో, వారం వారం కిస్తీ కట్టలేనని తనకి తెలుసునేమో? అందుకే వాళ్ళు 52 బస్తీల మొత్తాన్ని 52 బస్తీల మొత్తంతోనే పోల్చారు. ఇంటి ఖర్చు సగటున పెరగలేదు. మన్నికైన సామాను కొనడం పెరిగింది, టీలూ పాన్లూ సిగరెట్ల ఖర్చు తగ్గింది. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడదాని మాట చెల్లడం, వీటిలో తేడా కనిపించలేదు. 2015లో ఆ వ్యాసం అచ్చయింది. 2019లో బెనర్జీకీ డుఫ్లోకీ నోబెల్ బహుమానం కూడా వచ్చింది.

ఇక్కడ నాకు అడ్డు ప్రశ్న వచ్చింది. నూరిళ్ళలో ఎనిమిదిళ్ళు కదిలితే, ఆ ఎనిమిదిళ్ళలో ఏం జరిగిందో నూరిళ్ళ సగటులో కనిపిస్తుందా? బిందెడు పాలల్లో చెంచాడు పంచదార వేసి తియ్యగా లేదంటే పంచదార తప్పా?

"మంచి ప్రశ్న పెద్దమ్మా" అంది పిల్ల. లెక్కల్లో నన్ను ఎవరైనా మెచ్చుకోవడం జన్మలో అదే మొదలు.

మందు ఇవ్వడంవల్ల ఏమవుతుందనేది ఒక ప్రశ్న. మందు తినడంవల్ల ఏమవుతుందనేది ఇంకో ప్రశ్న. ఊరంతటికీ పంచాల్సిన ప్రభుత్వానికి మొదటిది కావాలి. తప్పకుండా వేసే తల్లికి రెండోది కావాలి. వేసుకోనివాళ్ళని గెంటేసి ఆ రెండోదాన్ని పట్టుకోబోతే పసరు వైద్యుడి గోతిలో పడతాం. గెంటకుండా పట్టుకునే దారి ఉంది. ఆ దారి చూపించిన లెక్క ఇండోనేషియాలో, సుమత్రా దీవిలోని అచే ప్రాంతంలో పుట్టింది. లెక్కంటే భయపడకండి, పాలవాడి ఖాతా చూసుకోగలిగినవాళ్ళు ఇదీ చూడగలరు.

రేచీకటి రాకుండా పిల్లలకి విటమిన్ ఏ ఇస్తారు కదా. అది చూపునే కాక ప్రాణాన్నీ కాపాడుతుందా అని అక్కడ 450 ఊళ్ళు తీసుకుని చీటీలేశారు. సగం ఊళ్ళలో పసిపిల్లలకి విటమిన్ గుళికలు, తక్కిన ఊళ్ళలో అప్పటికి ఏమీ లేదు. 1986లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ లెక్కల్నే తీసుకుని ఆల్ఫ్రెడ్ సోమర్, స్కాట్ జీగర్ అనే ఇద్దరు 1991లో ఇలా విడదీశారు.

గుళికల ఊళ్ళలో పిల్లలు 12,094 మంది. పోయినవాళ్ళు 46 మంది. వెయ్యికి 3.8. గుళికలు లేని ఊళ్ళలో 11,588 మంది. పోయినవాళ్ళు 74 మంది. వెయ్యికి 6.4. ఇది మొదటి ప్రశ్నకి జవాబు: గుళికలు పంచితే నూరు చావుల్లో నలభై తప్పాయి.

కాని గుళికల ఊళ్ళలోనూ అయిదో వంతు పిల్లలకి గుళిక అందలేదు. అందిన 9,675 మందిలో పోయినవాళ్ళు 12 మంది, వెయ్యికి 1.2. అందని 2,419 మందిలో పోయినవాళ్ళు 34 మంది, వెయ్యికి 14!

"గుళిక వేయించుకోలేదు, అందుకే పోయారు" అని నోటిదాకా వచ్చింది. పిల్ల వేలు పెట్టి చూపించింది. "గుళికలే లేని ఊళ్ళు చూడు పెద్దమ్మా. అక్కడ ఒక్కడికీ గుళిక పడలేదు. మరి అక్కడ వెయ్యికి ఆరే ఎందుకు పోయారు?"

నేను కాగితం కింద పెట్టేశాను. కాసేపు పలకలేదు.

చూశారా! గుళిక లేకపోవడమే కారణమైతే ఏ గుళికా లేని ఊళ్ళో కూడా వెయ్యికి 14 మంది పోవాలి. పోలేదు. కాబట్టి ఆ అందని పిల్లలు గుళిక అందక ప్రమాదంలో పడ్డవాళ్ళు కాదు. ముందే ప్రమాదంలో ఉన్నవాళ్ళు. ఊరికి విసిరేసినట్టున్న ఇళ్ళు, కూలికి పోయిన తల్లులు, మూలుగుతూ పడుకున్న పిల్లలు, ఇలా నేను ఊహించుకుంటున్నాను. ఏ కష్టం గుళికని వాళ్ళ నోటికి చేరనివ్వలేదో ఆ కష్టమే వాళ్ళని తీసుకుపోయింది.

ఇప్పుడు మిగతా లెక్క. గుళికలు లేని ఊళ్ళలో కూడా ఇలాంటి అయిదో వంతు పిల్లలు ఉండే ఉంటారు, చీటీ ధర్మం అదే. అక్కడ వెయ్యిమంది పిల్లల్ని తీసుకుంటే పోయేది 6.4. అందులో గుళిక ఇచ్చినా అందని రకం రెండువందల మంది. వెయ్యికి 14 చొప్పున వాళ్ళలో పోయేది 2.8. తీసేస్తే ఎనిమిది వందలమందిలో 3.6, అంటే వెయ్యికి 4.5. వీళ్ళు అవతల ఊళ్ళో పుట్టి ఉంటే గుళిక అందేవాళ్ళు. అందినవాళ్ళలో పోయింది 1.2. నాలుగున్నర నుంచి ఒకటి చిల్లరకి. నూరు చావుల్లో డెబ్భై తప్పాయన్నమాట. అందనివాళ్ళని గెంటేసి, అందినవాళ్ళని అవతలి ఊళ్ళమొత్తంతో పోలిస్తే నూటికి ఎనభై అని గొప్పలు పోయేవాళ్ళం. ఆ పైన పది మందుది కాదు, గట్టి పిల్లలది.

దీనికీ షరతులున్నాయి. గుళిక వేయించుకోనివాడికి ఊళ్ళో గుళికలు పంచడంవల్ల మంచీ చెడూ ఏమీ జరగకూడదు. విటమిన్ విషయంలో అది నప్పుతుంది, ఎదురింటి పిల్లాడు మింగిన గుళిక మనవాడి ఒంటికి పట్టదు. అప్పుల విషయంలో నప్పదు. ఎదురింటావిడ అప్పుచేసి కిరాణాకొట్టు పెడితే నేను ఏ అప్పూ చేయకుండానే నా కొట్టు మూతపడవచ్చు. అలాంటిచోట నూరిళ్ళ సగటే చెప్పి ఊరుకోవడం మర్యాద. పైగా అచేలో ఉత్తుత్తి గుళిక ఇవ్వలేదు. ఒక చోటి లెక్క ఇంకోచోట పొసగదు కూడా. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు చుట్టుపక్కల ఊళ్ళలో 15,775 మంది పిల్లలతో ఇలాంటి పరీక్షే చేసి 1990లో ప్రకటించారు. అక్కడ చావుల్లో తేడా కనిపించలేదు. ఏ లెక్కనైనా కళ్ళకద్దుకుని పూజలో పెట్టుకోనక్కర్లేదు.

(విటమిన్ ఏ అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు మా కోట చుట్టూ ఎటుచూసినా పామాయిల్ తోటలే. గెలనుంచి తీసిన నూనె ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపంతా ఒంట్లోకి వెళ్ళాక విటమిన్ ఏ అయ్యే పదార్థమే. శుద్ధిచేసి ఆ ఎరుపు పోగొట్టి మనకి పాకెట్లలో అమ్ముతారు.)

ఇదంతా చదివి ఎవరూ మాత్రలు మానేయకండి. ముఖ్యంగా క్షయ మందులు. మందు వేసుకోవడం ముఖ్యమే, అందులో సందేహం లేదు. 1956లో మద్రాసులో క్షయకి ఇంట్లో ఉండి మందు తింటే చాలునా, శానిటోరియంలో ఉండాలా అని 193 మందితో చీటీలేసి చూశారు. అంతకుముందు ఈ జబ్బంటే మదనపల్లె ఆరోగ్యవరం పోవాలనే మనవాళ్ళ లెక్క. ఇరుకిళ్ళలో, అరకొర తిండితో ఉన్నవాళ్ళు ఇంట్లోనే మందు తిని శానిటోరియంవాళ్ళకి ఇంచుమించు సమానంగా కోలుకున్నారని 1959లో చెప్పారు. ఆ మద్రాసువాళ్ళు చేసిన పని నాకు నచ్చింది. రోగి పోయాక "పథ్యం చేశారా" అని అడగలేదు. మందు తింటున్నాడో లేదో, ఉన్నట్టుండి ఇంటికి వెళ్ళి మూత్రం పరీక్షచేసి మరీ చూశారు. అడగాల్సిన వేళ అదీ.

పోయాక అడిగే ప్రశ్న వేరు. అది ప్రశ్న కాదు, తీర్పు. ఆ తీర్పు ఎప్పుడూ ఒకవైపే పడుతుంది. "సంబంధం మంచిదే, పిల్ల సర్దుకుపోలేదు" అంటారు చూడండి, అచ్చం అలాగ. సర్దుకుపోయినవాళ్ళని చూపించి సంబంధాన్ని మెచ్చుకోవడం, సర్దుకోలేనిదాన్ని పంక్తిలోంచి లేపేయడం. ఏ ఇంట్లో సర్దుకోవడం సాధ్యపడిందో, ఏ ఇంట్లో పడలేదో ఎవరడుగుతారు?

పండగ వెళ్ళాక పిల్ల వెళ్ళిపోయింది. నేను రెండ్రోజులు ఉండిపోయాను. మధ్యాహ్నం అమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒక రెమ్మ తీసుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగాను.

"అమ్మా, తమ్ముడికి ఆ ముద్ద ఏ రోజు పెట్టావు?"

ఆవిడ చేతులు ఆగలేదు. జవాబు ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్నట్టుంది. "పధ్నాలుగో రోజు. అప్పటికి రెండ్రోజులై వాడికి మెతుకు దిగలేదు. పగలంతా మగత, రాత్రంతా మెలకువ. ఏదో మాట్లాడేవాడు, అర్థమయ్యేది కాదు. ఆ పూట కాస్త తెలివొచ్చి, అమ్మా ఆవకాయన్నం అన్నాడు. రెండ్రోజుల తర్వాత వాడు నోరు తెరిచి అడిగింది అదొక్కటే."

నాకు తెలిసిన డాక్టరుగారొకర్ని తర్వాత అడిగాను. కామెర్లలో పగలు మగతా రాత్రి మెలకువా, తడబడే మాటా వస్తే లివరు పాడయిపోయిందని భయపడాల్సిన గుర్తులేనట. పిల్లల్లో ఎక్కువమందికి కామెర్లు ఏ మందూ లేకుండానే తగ్గుతాయి. ఎక్కడో కొద్దిమందికి ఇలా ముదురుతాయి. ఉప్పూ కారంవల్ల ముదిరేవి కావు. ఆయన్ని అడగకముందే, ఆ పెరటి గుమ్మంలోనే నాకు సగం అర్థమైంది. పథ్యం చెడి వాడికి ముదరలేదు. ముదిరింది కాబట్టే అన్నం దిగలేదు, అన్నం దిగలేదు కాబట్టే అమ్మ ఆవకాయ కలిపింది. వైద్యుడిగారి లెక్కలో ముందుది వెనక్కీ వెనకది ముందుకీ వచ్చాయి. అచేలో అందని పిల్లల్లాగే మా వాడూ ముందే ఆ వెయ్యికి పధ్నాలుగులో ఉన్నాడు.

ఒక్క పిల్లాడితో లెక్క తేలదని నాకూ తెలుసు. ఒక్కడి విషయంలో చీటీ ఉండదు, పక్కన రెండో జట్టూ ఉండదు. అయినా చెప్పాను. నాకు చేతనైనట్టు, గుళికలూ ఊళ్ళూ అన్నీ కలిపి చెప్పాను. సాయంత్రం ఆటో ఒకటి పాలకేంద్రం వైపు వెళ్ళేదాకా చెబుతూనే ఉన్నాను. అమ్మ మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఈనెలు ఒకపక్కకీ ఆకు ఒకపక్కకీ తోస్తూ విన్నది.

చివరికి, "అయితే ఆ ముద్దవల్ల కాదంటావు" అంది.

"కాదమ్మా."

చాలాసేపు ఊరుకుంది. తర్వాత, నాతో కాదన్నట్టు, చాటలో ఆకు సర్దుకుంటూ అంది.

"ఇంకో ముద్ద అడిగాడే. పథ్యం కదా అని పెట్టలేదు."